టార్చిలైటుకు ఏ సంచిలో చోటు?

రాత్రివేళ మోటారు వేయడానికి పొలం గట్ల వెంట నడిచే నాన్నగారి కోసం కొన్న టార్చిలైటును విమానంలో తీసుకెళ్లడం ఇంత యాతన కావడం నాకు నిజంగా బాధ కలిగించింది. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో ఉండకూడదని, చేతిసంచిలోనే పెట్టుకోవాలని నిబంధన; కౌంటరులోనూ అదే చెప్పారు. తీరా భద్రతా తనిఖీ దగ్గర, లోహపు గొట్టం బరువుగా ఉందంటూ ట్రేను పక్కకు లాగి, బ్యాటరీ ఊడదీయించి, దీన్ని లగేజీలో వేయాల్సిందని గద్దించారు. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో నిల్వ ఉండే శక్తికి కొలమానం) వరకు అనుమతి ఉన్నప్పుడు, ఈ టార్చిలోని వేలెడంత 18650 రకం లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 12 మాత్రమే. దాని మీద అచ్చువేసిన వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే ఎవరికైనా తెలుస్తుంది. పెట్టె బెల్టు మీద వెళ్లిపోయాక వెనక్కి వెళ్లి అందులో వేసి రమ్మనడం ఏం న్యాయం? పైగా, బ్యాటరీని అందులో వేయకూడదని చెప్పింది కౌంటరు వాళ్లే కదా!