ఐర్లండ్ సరిహద్దు అందరికీ చెరిగిపోలేదు

"ఐర్లండ్‌కీ ఉత్తర ఐర్లండ్‌కీ మధ్య బోర్డరే లేదన్నా, బ్రెగ్జిట్ తర్వాత కూడా ఎవడూ ఆపడు, కారేసుకుని వెళ్లిపోవచ్చు" అని ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. దయచేసి నమ్మకండి. ఐర్లండ్ ఒక దేశం, ఉత్తర ఐర్లండ్ యూకే (బ్రిటన్)లో భాగం. ఆ యూకే యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికి రావడమే బ్రెగ్జిట్. ఐరిష్ పాస్‌పోర్టో బ్రిటిష్ పాస్‌పోర్టో ఉన్నవాళ్లకు అది నిజమే. మన పాస్‌పోర్టుతో, ఐర్లండ్ రెసిడెన్స్ కార్డుతో ఉన్నవాళ్లు యూకే వీసా లేకుండా ఉత్తర ఐర్లండ్ ఊరైన న్యూరీలో అడుగుపెడితే చట్టాన్ని దాటినట్టే. ఐర్లండ్ వైపు నేనుండే డండాక్ నుంచి న్యూరీకి కారులో అరగంట కూడా పట్టదు. దారిలో గేటు ఉండదు, పోలీసు ఉండడు. వేగపరిమితి బోర్డుల మీద కిలోమీటర్లు పోయి మైళ్లు వస్తాయి, అంతే. మా ఆఫీసులో చాలామంది రోజూ అటునుంచే వచ్చిపోతారు.

ఈ గేటు లేని రోడ్డు ఊరికే వచ్చింది కాదు. 1921లో ద్వీపాన్ని రెండుగా చేశారు, 1923లో కస్టమ్స్ చౌకీలు పెట్టారు. ఉత్తర ఐర్లండ్ యూకేలో ఉండాలా, ఐర్లండ్‌లో కలవాలా అని 1960ల చివర మొదలైన గొడవల కాలంలో బ్రిటిష్ సైన్యం చిన్న రోడ్లను బాంబులు పెట్టి పేల్చేసింది, కాంక్రీటు దిమ్మలు అడ్డం పెట్టింది. పక్క ఊళ్లో ఉన్న చుట్టాలింటికి వెళ్లాలన్నా మైళ్లకొద్దీ చుట్టూ తిరగాలి. ఆ ముప్పై ఏళ్లలో 3,500 మందికి పైగా చనిపోయారు. 1993లో యూరప్ ఒకే మార్కెట్ కావడంతో కస్టమ్స్ తనిఖీలు పోయాయి. 1998లో శాంతి కోసం గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరాక సైనికుల కావలి బురుజులు ఒక్కొక్కటిగా దిగిపోయాయి. రెండూ కలిస్తేనే ఆ రోడ్డు తెరుచుకుంది. బ్రెగ్జిట్ అందులో ఒక కాలు విరగ్గొట్టింది.

మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, 2017లో జీఎస్టీ వచ్చాక మన రాష్ట్రాల సరిహద్దుల్లో సేల్స్ టాక్స్ చెక్‌పోస్టులు ఎత్తేశారు కదా. రేపు ఒక రాష్ట్రం "మా పన్నులు మావి, మా నిబంధనలు మావి" అని జీఎస్టీలోంచి బయటికి వస్తే ఆ చెక్‌పోస్టులు మళ్లీ లేవాల్సిందే. లండన్ చేసింది అదే. కాకపోతే ఇక్కడ చెక్‌పోస్టు పెడితే దాని మీద మొదటి రాయి ఎప్పుడు పడుతుందో అన్న భయం ఉంది. 500 కిలోమీటర్ల గీత, దాని మీద 200కు పైగా రోడ్లు. క్లోన్స్ నుంచి కావన్ వెళ్లే రోడ్డయితే కొద్ది దూరంలోనే పదేపదే గీత దాటుతుంది.

ఇదంతా ముందే తెలియదని ఎవరూ అనడానికి లేదు. 2016లో బ్రెగ్జిట్ రెఫరెండం పోలింగ్‌కు రెండు వారాల ముందు ఇద్దరు బ్రిటిష్ మాజీ ప్రధానులు, జాన్ మేజర్, టోనీ బ్లెయిర్, ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ దాకా వచ్చి హెచ్చరించి వెళ్లారు. ఉత్తర ఐర్లండ్ ప్రజలు 55.8 శాతం మంది యూరప్‌లోనే ఉంటామని ఓటేశారు. అయినా ఇంగ్లండ్ ఓటే వాళ్ల బతుకును నిర్ణయించింది. నాకు ఇప్పటికీ మండేది అక్కడే. గీత మీద బతికేవాళ్ల మాటకు విలువ లేకపోయింది.

చివరికి ఏం చేశారు? తనిఖీల్ని సముద్రం మీదికి నెట్టారు. ఇంగ్లండ్, స్కాట్లండ్‌ల నుంచి ఉత్తర ఐర్లండ్‌కు వచ్చే సరుకుకు రేవుల్లో కాగితాలు, తనిఖీలు. 2023 విండ్సర్ ఒప్పందంతో అక్కడే ఆగిపోయే సరుకుకు గ్రీన్ లేన్, ఇటు దాటే అవకాశమున్న దానికి రెడ్ లేన్ వచ్చాయి. ఈ సముద్రపు తనిఖీల మీద కోపంతోనే, యూకేలోనే ఉండాలనే యూనియనిస్టుల పార్టీ డీయూపీ రెండేళ్లు బెల్‌ఫాస్ట్‌లో ప్రభుత్వం నడవనివ్వలేదు. 2024 డిసెంబరులో అసెంబ్లీ ఈ ఏర్పాటును 48–36తో కొనసాగించింది, కానీ యూనియనిస్టులు ఒక్కరూ అనుకూలంగా ఓటేయలేదు. నాలుగేళ్లకు మళ్లీ ఓటింగు. వాళ్ల బాధను నేను తేలిగ్గా తీసిపారేయను. సొంత దేశంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సరుకు పంపడానికి డిక్లరేషన్ రాయమంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. అయినా సరే, భూమ్మీద గేటు కంటే రేవులో కాగితం నయం అని నేను గట్టిగా అంటాను. ఉత్తరాన పితికే పాలలో దాదాపు మూడో వంతు దక్షిణాదిన డెయిరీలకు వస్తాయి. ఐర్లండ్ వైపున్న డోనెగాల్ క్యాన్సర్ రోగులు రేడియేషన్‌కు డెర్రీ ఆసుపత్రికి వెళ్తారు. ఉత్తరాది పసిపిల్లలకు గుండె ఆపరేషన్లు డబ్లిన్‌లో చేస్తారు. వీటి మధ్యలో గేటు పెట్టాలనుకునేవాడు ముందు ఆ పిల్లల తల్లిదండ్రులకు జవాబు చెప్పాలి.

సరుకుల సంగతి ఎలాగోలా సర్దుకుంటుంది. తిండి సరుకుల నిబంధనలు కలుపుకోవడానికి 2025 మేలో లండన్, బ్రస్సెల్స్ (యూరోపియన్ యూనియన్) ఒక మాట అనుకున్నాయి కూడా. నా భయమల్లా మనుషుల గురించే. సరిహద్దు దాటి వచ్చే బస్సుల్లో గార్డాలు (ఐర్లండ్ పోలీసులు) ఎక్కి కాగితాలు అడగడం ఎప్పటినుంచో ఉంది. శరణార్థులు ఎక్కువమంది ఉత్తరం వైపు నుంచే వస్తున్నారని 2024లో డబ్లిన్ ప్రభుత్వం అన్నాక, ఇంకా గట్టిగా చూడాలన్న గొంతులు పెరిగాయి. ఇక్కడ ఒక్క విషయం ఆలోచించండి. ఐరిష్, బ్రిటిష్ పౌరులు ఈ గీత దాటడానికి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోనక్కర్లేదు. మరి నిండు బస్సులో ఎవరిని అడగాలో గార్డాకు ఎలా తెలుస్తుంది? మొహం చూసి. ఇంకో దారి లేదు. అంటే రోడ్డు మీద తీసేసిన సరిహద్దును తెచ్చి మన ఒంటి రంగు మీద పెట్టినట్టు. హక్కుల సంఘాలు ఏళ్లుగా మొత్తుకుంటున్నది ఇదే.

ఇంతకంటే అన్యాయం ఇంకోటుంది. మన దేశం నుంచి చుట్టపుచూపుగా వచ్చేవాళ్లకు బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం ఉంది. ఆ ముద్ర ఉంటే ఒకే వీసాతో రెండు దేశాలూ తిరగొచ్చు. మా అమ్మానాన్న అలాగే వచ్చారు. బెల్‌ఫాస్ట్‌లో టైటానిక్ కట్టిన చోటు చూసి, జెయింట్స్ కాజ్‌వే దాకా వెళ్లొచ్చారు. ఇక్కడే ఉద్యోగం చేసి, ఇక్కడే పన్ను కట్టే నేను మాత్రం వాళ్లను డండాక్ స్టేషన్‌లో రైలెక్కించి ఇంటికొచ్చాను. కొత్తగా వచ్చినవాళ్లను నమ్మి, ఏళ్ల తరబడి రికార్డున్నవాళ్లను నమ్మకపోవడం ఏం లెక్క?

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. ఐర్లండ్‌లో చట్టబద్ధంగా ఉంటున్నవాళ్లు తమ కార్డుతో ఉత్తరానికి కొద్దిరోజులు వెళ్లొచ్చేలా, అటు ఉంటున్నవాళ్లు ఇటు వచ్చేలా రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకోవాలి. అటు బెల్‌ఫాస్ట్ ఆసుపత్రుల్లో పనిచేసే మన నర్సులకూ ఇదే బాధ. రేపు ద్వీపం ఏకం కావాలా వద్దా అన్న రెఫరెండం వస్తే రావచ్చు, రాకపోవచ్చు. మన ఇబ్బంది తీరడానికి అంతదాకా ఆగనక్కర్లేదు.

ఇక్కడున్న మనవాళ్లకు ఒక మాట. ఐర్లండ్ స్థానిక ఎన్నికల్లో ఓటేయడానికి పౌరసత్వం అక్కర్లేదు, పద్దెనిమిదేళ్లు నిండి ఇక్కడ నివాసం ఉంటే చాలు. మనలో ఎంతమంది పేరు నమోదు చేయించుకున్నాం? వీసాలు కౌన్సిలర్ల చేతిలో లేవు, నిజమే. కానీ ఇవాళ మన తలుపు తట్టే కౌన్సిలరే రేపు పార్లమెంటుకు పోటీ చేస్తాడు. ఈసారి వచ్చినప్పుడు చెత్తబుట్టల గురించి, పార్కింగ్ గురించి అడగండి, తప్పులేదు. దాంతోపాటు న్యూరీ గురించి కూడా అడగండి.