స్లీప్ 5 పెట్టి చేతులు దులుపుకునే వాళ్ళతో వేగలేకపోతున్నా

మొన్న రాత్రి ఒంటిగంటకు ఫోన్. "అన్నా, స్క్రిప్ట్‌లో కమాండ్లు తిరగబడి నడుస్తున్నాయి, ఒకసారి లాగ్ చూడవా?"

చూశా. స్క్రిప్ట్ చెప్పినదంతా రాసుకునే ఫైలే లాగ్. కాపీ అయిన ఫైళ్ళ లిస్టు పైన ఉంది. "కాపీ మొదలవుతోంది" అన్న లైను ఎక్కడో దాని కింద ఉంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! అదే స్క్రిప్ట్ టెర్మినల్‌లో చేత్తో నడిపితే అన్నీ వరసగానే వస్తున్నాయి. క్రాన్‌లో, అంటే పెట్టిన టైముకు దానంతటదే, లాగ్ ఫైల్‌కు రాస్తూ నడిస్తేనే ఈ గోల.

మా షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రాం) స్క్రిప్ట్ ఒక పైథాన్ ప్రోగ్రాంను పిలుస్తుంది, అది ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్‌ను పిలుస్తుంది. నేను చూసేసరికే మావాడు వైద్యం మొదలుపెట్టాడు. "కాపీ మొదలవుతోంది" అనే ప్రింట్‌కీ ఆర్‌సింక్‌కీ మధ్య స్లీప్ 5, అంటే ఐదు సెకన్లు ఊరికే ఆగమని. తగ్గలేదని స్లీప్ 10. లాగ్‌లో వీసమెత్తు మార్పు లేదు. ఎలా ఉంటుంది? పనులు వరసగానే జరిగాయి. తిరగబడింది రాత ఒక్కటే.

షేర్ ఆటో ఎక్కినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. అవుట్‌పుట్ టెర్మినల్‌కు పోతుంటే ప్రోగ్రాం లైను లైనుకీ పంపేస్తుంది. ఫైల్‌కో పైపుకో (ఇంకో ప్రోగ్రాంకు) పోతుంటే మాత్రం బఫర్, అంటే రాతను పోగేసే తాత్కాలిక చోటు, నిండేదాకా కదలదు. మామూలుగా 4 లేదా 8 కేబీ. అది నిండాలి, లేదా ప్రోగ్రాం ముగియాలి. మన ప్రింట్ లైను ఆటోలో కూర్చుని జనం కోసం ఎదురుచూస్తుంటే ఆర్‌సింక్ తన పని ముగించి, తన మాట రాసేసి వెళ్ళిపోయింది. స్టాండర్డ్ ఎర్రర్ (ఎర్రర్ మాటలు పోయే వేరే దారి) అయితే సొంత బండి మీద పోయే రకం, అది ఆగదు. అందుకే చాలా లాగుల్లో ఎర్రర్లు ముందు, వాటి కారణాలు తర్వాత కనిపిస్తాయి. ఇంకో ఘోరం చెప్పనా? ప్రోగ్రాంను కిల్ -9తో బలవంతంగా చంపితే బఫర్లో ఉన్నది అక్కడే పోతుంది. లాగ్‌లో చివరి లైను చూసి "ఇక్కడే ఆగింది" అని ఆ చుట్టుపక్కల గంటలు వెతికినవాణ్ణి నేనే, ఎవరినో అనడం దేనికి.

మందు ఒక్క అక్షరం. పైథాన్‌కు -యు ఇవ్వడం, అంటే పోగేయకుండా వెంటనే పంపెయ్యమనడం. సి లైబ్రరీ మీద నడిచే మామూలు ప్రోగ్రాంలకైతే ఇదే పనికి ఎస్‌టీడీబఫ్ అనే కమాండ్ ఉంది, పైథాన్‌కు అది పనిచేయదు.

సరే, లాగ్ సంగతి వదిలేద్దాం. నా అసలు కోపం స్లీప్ మీద. నిజంగానే వరస తప్పే చోట్లు ఉన్నాయి. చివర & పెట్టి వెనక్కి పంపిన కమాండ్ కోసం షెల్ ఆగదు, తర్వాతి లైనుకు పోతుంది. అక్కడ వెయిట్ అని, అంటే ఆ పని ముగిసేదాకా ఆగమని, రాయాలి. స్లీప్ 30 రాస్తే ఆరు నెలలు బ్రహ్మాండంగా నడుస్తుంది. డేటా పెరిగి పని 31 సెకన్లు పట్టిన రోజు సగం ఫైల్ క్లయింట్‌కు పోతుంది. అప్పుడు ఫోన్ ఎవరికి వస్తుందో చెప్పాలా?

ఫైల్‌లోని లైన్లను వరసపెట్టే సార్ట్ ఫలితాన్ని అదే ఫైల్‌లోకి > తో మళ్ళించి, ఫైల్ ఖాళీ అయిందని ఏడ్చేవాళ్ళకూ ఇదే మాట. షెల్ ముందు ఫైల్‌ను ఖాళీ చేస్తుంది, ఆ తర్వాతే సార్ట్‌ను పిలుస్తుంది. ఫలితం ఏ ఫైల్‌లో రాయాలో సార్ట్‌కే చెప్పే -ఓ ఉన్నది అందుకే.

నిన్న రివ్యూకి ఇంకో స్క్రిప్ట్ వచ్చింది. స్లీప్ 45. పక్కన కామెంట్: "తీయొద్దు, తీస్తే పనిచేయదు." పైలైను చివర చూస్తే & ఉంది.