ఏడో తరగతి దాటగానే మారిపోయే భాష

టాంజానియాలో మొరోగోరో పట్టణం దగ్గరి ఆ సెకండరీ పాఠశాల ఆవరణలో ఎదురైన పిల్లలు మమ్మల్ని "షికమో" అని పలకరించారు. అక్కడి జాతీయ భాష స్వాహిలిలో పెద్దలకు పెట్టే నమస్కారం అది. 'మీ కాళ్లు పట్టుకుంటున్నాను' అని దానికి అర్థం చెబుతారు. "మరహబ" అని బదులివ్వాలి. ఆ పిల్లలే తరగతి గదిలోకి రాగానే లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ సర్" అన్నారు. ఇక్కడ ఇంగ్లీషే మాట్లాడాలని గోడ మీద బోర్డు. టాంజానియా చదువుల చిక్కు చాలావరకు ఆ గడప దగ్గరే ఉంది.

జీవశాస్త్రం పాఠం నడుస్తోంది. మాస్టారు నల్లబల్ల మీద ఫొటోసింథసిస్ అని రాసి, నిర్వచనం ఇంగ్లీషులో రెండుసార్లు చదివారు. అర్థమైందా అంటే "యెస్ సర్" అని ఒకే గొంతు. ఆ తర్వాత మావైపు ఓసారి చూసి, కాస్త మొహమాటపడుతూనే స్వాహిలిలోకి దిగారు. అప్పుడు చేతులు లేచాయి, ప్రశ్నలు వచ్చాయి, వెనక బెంచీలో ఎవరో నవ్వారు కూడా. నా పక్కనున్న అమ్మాయి నోటుపుస్తకంలో నిర్వచనమంతా ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. అంచున పెన్సిలుతో ఒక్కటే మాట: ఉసనిసినూరు. 'నూరు' అంటే వెలుగు. మన కిరణజన్య సంయోగక్రియకు స్వాహిలి తోబుట్టువు. పదో తరగతి వరకు తెలుగులో చదివి ఇంటర్లో ఇంగ్లీషులో పడ్డ నాకు ఆ పెన్సిలు మాట ఎందుకు అవసరమైందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్రాథమిక విద్యను స్వాహిలిలోకి మార్చే నిర్ణయం 1967 నాటిది, దేశ తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరే కాలంలోది. ఆయన స్వయంగా ఉపాధ్యాయుడు. దేశమంతా ఆయన్ను 'మ్వలిము', అంటే మాస్టారు, అనే పిలిచింది. షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్'ను ఆయనే స్వాహిలిలోకి అనువదించారు. నూట ఇరవైకి పైగా భాషలున్న దేశం ఒకే భాషలో మాట్లాడుకోగలుగుతోందంటే అందులో ఆ బడుల వాటా తక్కువేమీ కాదు. అయితే స్వాహిలి సెకండరీ గడప దాటలేదు. ఏడేళ్లు ఒక భాషలో చదివిన పిల్లలకు పద్నాలుగేళ్ల వయసులో లెక్కలు, సైన్సు, చరిత్ర అన్నీ ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారతాయి. ఇంట్లో సుకుమా, మసాయి మాట్లాడే పల్లె పిల్లలకైతే అది మూడో భాష.

2014 విద్యా విధానం అన్ని స్థాయిల్లోనూ స్వాహిలికి తలుపు తీసింది. అది కాగితం మీదే ఉండిపోయింది. 2023 సవరణ తర్వాతా సెకండరీలో ఇంగ్లీషే సాగుతోంది. ఈలోగా పిల్లల సంఖ్య పెరిగింది. 2016 నుంచి సెకండరీలో ఫీజు ఎత్తేశారు. అది మంచి పనే. కానీ అప్పటికే 2012 ఫారం ఫోర్ (సెకండరీ నాలుగో ఏడాది) పరీక్షల్లో సగానికి పైగా పిల్లలు తప్పితే, ప్రభుత్వం విచారణ సంఘం వేసి ఫలితాలను తిరగలెక్క వేయించాల్సి వచ్చింది.

ఉపాధ్యాయుల కొరత, కిక్కిరిసిన గదులు, పుస్తకాలు చాలకపోవడం ఇవన్నీ కారణాలేనని అక్కడివారు అంటారు. కాదనను. కానీ నేను చూసిన గదిలో మాస్టారు మారలేదు, బెంచీలు మారలేదు. భాష ఒక్కటే మారింది, పిల్లలు మేలుకున్నారు.

మరి ఇంగ్లీషు కావాలంటున్న తల్లిదండ్రులది తప్పా? కాదు. విశ్వవిద్యాలయం ఇంగ్లీషులో, మంచి ఉద్యోగం ఇంగ్లీషులో ఉన్నప్పుడు వారు మరేమి కోరుకుంటారు? 2019లో ఆంధ్రప్రదేశ్‌లో, 2022లో తెలంగాణలో ప్రభుత్వ బడుల మాధ్యమం గురించి మనం ఇదే వాదం వాదించుకున్నాం. టాంజానియాలో డబ్బున్నవారు మొదటి తరగతి నుంచే ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో వేస్తారు. గడప దగ్గర తట్టుకుని పడేది మిగతావారి పిల్లలే. ఒక భాషలో పునాది వేసి మరో భాషలో పరీక్ష పెట్టడం రెండు వాదాల్లో దేన్నీ గౌరవించడం కాదు. కనీసం ఫారం ఫోర్ వరకు సైన్సూ లెక్కలూ స్వాహిలిలో చెప్పి, ఇంగ్లీషును ఒక సబ్జెక్టుగా గట్టిగా నేర్పితే నష్టమేమిటో నాకైతే తెలియలేదు.

పాఠం అయ్యాక టీ తాగుతూ మాస్టారితో ఇదే అన్నాను. ఆయన తలూపారు, నిజమేనన్నారు. "మా పాప మాత్రం ఇంగ్లీషు మీడియంలోనే చదువుతోంది" అని నవ్వారు. మా అబ్బాయి ఏ మీడియమో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.