పీఆర్‌కూ సిటిజన్‌కూ ఒకే రూల్ కాదు

కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా నివసించే హక్కు) ఉన్నవాళ్లు ఎక్కడ ఉన్నా జీవిత భాగస్వామిని స్పాన్సర్ చేయొచ్చని, అంటే తమ బాధ్యత మీద వాళ్లకూ పీఆర్ అడగొచ్చని ఒక వ్యాసంలో రాశారు. అది సరికాదు. కెనడా బయట నివసించే సిటిజన్ చేయొచ్చు, కానీ భార్యకో భర్తకో పీఆర్ వచ్చాక తానూ కెనడాలోనే ఉంటానని చూపించాలి. ఉద్యోగం ఇస్తామన్న లెటర్, ఇల్లు చూసుకున్న ఆధారం లాంటివి పెట్టాలి. పీఆర్ మాత్రమే ఉన్నవాళ్లు బయట నివసిస్తూ స్పాన్సర్ చేయడానికి వీల్లేదు.

మా నల్లగొండలో ఇదే గందరగోళం. పెళ్లికి వచ్చిన పిల్లగాడు "ఐదేళ్లలో 730 రోజులు అక్కడుంటే చాలట, ఏడాది మిర్యాలగూడలోనే ఉండి ఇక్కడి నుంచే పని చేసుకుంటా, ఈలోపు ఆమె ఫైల్ కూడా నడుస్తది" అంటాడు. ఆ 730 రోజుల లెక్క పీఆర్ నిలబెట్టుకోవడానికి. స్పాన్సర్‌షిప్ అర్హత వేరే సంగతి. పెళ్లి చేసుకుని సెలవు అయిపోగానే వెళ్లడం వేరు, కాపురమే ఇక్కడికి మార్చడం వేరు.

ఇంకొకటి, పెళ్లిచూపుల్లో ఎవరూ అడగనిది. స్పాన్సర్ చేసినవాళ్లు, భాగస్వామికి పీఆర్ వచ్చిన రోజు నుంచి 3 ఏళ్లు పోషణ బాధ్యత తమదేనని సంతకం పెడతారు. మధ్యలో విడాకులైనా అది పోదు. కట్నం గురించి గంటలు మాట్లాడే పెద్దమనుషులు దీన్ని కూడా ఓసారి అడిగితే బాగుండు.

క్యూబెక్‌లో ఉండేవాళ్లు ఆ రాష్ట్రం షరతులు విడిగా చూసుకోవాలి. అమ్మాయి టెన్త్ మెమోలో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ముందే చూడండి.