తోబుట్టువుల జ్ఞాపకాలకు ఇంగ్లీషే క్షేమం

కడప జిల్లాలో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఒకచోట చేరి చిన్ననాటి సంగతులు తలచుకునే పక్షంలో ఆ సంభాషణ ఆద్యంతం ఇంగ్లీషులోనే సాగాలని ప్రభుత్వం ఆలస్యం చేయకుండా ఉత్తర్వు ఇవ్వాలి. మాతృభాషాభిమానులు ఈ మాట విని ఉలిక్కిపడతారు. వారు దయచేసి దీన్ని శాంతిభద్రతల సమస్యగా పరిగణించాలని మనవి.

దేవుని కడప వైపు మా వీధిలో ఒక ఇంట ఉగాదికి ముగ్గురు తోబుట్టువులు కలిశారు. పెద్దాయన ఊళ్లోనే ఉంటాడు, తమ్ముడిది బెంగళూరు, చెల్లెలిది అమెరికా. పిల్లల తెలుగు అంతంతమాత్రం కాబట్టి సాయంత్రం మిద్దె మీద కబుర్లన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి. మధ్యలో జేజి వక్కాకు సంచిలోంచి ఒకనాడు మాయమైన పావలా ప్రస్తావన వచ్చింది. “వి వర్ సో నాటీ” అంది చెల్లెలు. “దోజ్ వర్ ద డేస్” అన్నాడు తమ్ముడు. “యా, యా” అన్నాడు పెద్దాయన. ముగ్గురూ హాయిగా నవ్వుకున్నారు. పావలా తీసిందెవరు, దాంతో బొరుగుల ఉండలు కొని తిన్నదెవరు, చింతబరికె దెబ్బలకు వీపు వాచింది ఎవరికి అనే చిల్లర ప్రశ్నలు ఒక్కటీ తలెత్తలేదు. దొంగతనం చేసినవాడూ, చాడీ చెప్పినదీ, అన్యాయంగా తన్నులు తిన్నవాడూ సమాన హోదాలో ‘నాటీ’ అయిపోయారు. ఏ న్యాయస్థానమూ ఇంత తక్కువ ఖర్చుతో ఇంత చక్కని రాజీ కుదర్చలేదు.

పిల్లలు నిద్రపోయాక అదే మిద్దె మీద అదే పావలా తెలుగులోకి దిగింది.

“రేయ్, ఆ పావలా తీసింది నువ్వు. నాయన చేత తన్నులు తినింది నేను.”

“నేను తీసేది నువ్వు చూసినావా? ఇది చెప్తే నమ్మినావు.”

“నన్నెందుకు లాగుతావు? మీరిద్దరూ నాకెప్పుడన్నా ఒక ఉండ పెట్టినారా?”

“అప్పుడూ నువ్వే తింటివి. ఇప్పుడు రోడ్డు పక్క సెంట్లు కూడా నువ్వే తింటాండావు.”

పావలా నుంచి రోడ్డు పక్క స్థలానికి చేరడానికి తెలుగుకు నాలుగంటే నాలుగు మాటలు పట్టాయి. పావలా నాణేన్ని 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా చేశారు గానీ, దాని మీది తగాదా మాత్రం ఇప్పటికీ పూర్తి విలువకు చెలామణి అవుతోందని పక్క మిద్దె మీద పడుకున్న నాకు ఆ రాత్రే తెలిసింది.

ఇంగ్లీషు వ్యాకరణం అన్నదమ్ముల క్షేమం కోరి తయారైనట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు అలవాటుగా చేసి ఇప్పుడు మానేసిన పనికి వాళ్లు ‘యూజ్డ్ టు’ వాడతారు. “వి యూజ్డ్ టు ఫైట్ ఎ లాట్” అనగానే ఆ కొట్లాట అధికారికంగా ముగిసినట్టు లెక్క. మళ్లీ తెరవాలంటే వ్యాకరణమే ఒప్పుకోదు. ఇంకా సూక్ష్మమైనది ‘రిమెంబర్’ సంగతి. “ఐ రిమెంబర్ పేయింగ్” అంటే ఎప్పుడో కట్టినట్టు గుర్తుందని. “ఐ మస్ట్ రిమెంబర్ టు పే” అంటే ఇంకా కట్టాల్సి ఉందని. చెల్లెలి కాలేజీ ఫీజు కట్టిన అన్న మొదటిదాన్ని చక్కగా ఉచ్చరిస్తాడు. రెండోదాన్ని ఆయన ఏ స్పోకెన్ ఇంగ్లీషు తరగతిలోనూ నేర్చుకున్నట్టు లేదు, అది మంచిదే.

చెల్లెళ్ల విషయం వచ్చింది కాబట్టి చట్టాన్నీ గమనించాలి. పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్రం చేసిన సవరణ 1985 నుంచే అమల్లోకి వచ్చింది. 2005లో కేంద్రం పెళ్లయినవారికీ ఆ హక్కు ఇచ్చింది. అప్పటినుంచి చిన్ననాటి జ్ఞాపకాలకు గిరాకీ విపరీతంగా పెరిగింది. నిన్ను బిళ్లంగోడు ఆటలో చేర్చుకున్నాను, బడికి సైకిలు మీద దించాను, జాతరలో గాజులు కొనిచ్చాను అని అన్నలు ఒక్కొక్కటే తవ్వి తీస్తున్నారు. తెలుగులో ఇవి బిల్లుల్లా వినిపిస్తాయి. ఇంగ్లీషులో అయితే ఎంత పెద్ద బిల్లుకైనా “సో స్వీట్ ఆఫ్ యు” అని ముక్తసరిగా రశీదు ఇచ్చి పంపేయవచ్చు.

ఈ ఉపద్రవాన్ని ముందే పసిగట్టిన మహానుభావుడు సి.పి. బ్రౌన్. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలు పోగుచేయించి, చివరికి 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించింది తెలుగు మీది మమకారంతోనే అని పండితులు పొరబడుతున్నారు. కడప జనం ఏదో ఒకనాడు పొలం పంచుకోవాల్సి వస్తుందని, అప్పుడు ఇంగ్లీషులో మాట్లాడుకుంటే తప్ప బయటపడలేరని ఆయనకు తెలిసి ఉండాలి. ఆయన బంగళా ఉన్నచోట వెలసిన గ్రంథాలయంలో భాగపరిష్కారాలకు ఒక గది కేటాయిస్తే ఆయన ఆశయం నెరవేరినట్టే.

ఇందుకు ఒకే ఒక అభ్యంతరం వినవచ్చింది: తల్లికి ఇంగ్లీషు రాదు. ఆ ఇంట్లోనూ ఆమె మిద్దె మెట్ల దగ్గర కూచుని, అందరూ నవ్వినప్పుడు తానూ నవ్వి, మధ్యమధ్య “ఏమంటాండారు?” అని కోడలిని అడిగి, ఆమె “ఏం లేదు అత్తా” అంటే సర్దుకుంది. నా దృష్టిలో ఈ ఏర్పాటుకున్న అతి పెద్ద సుగుణం ఇదే. పావలా ఎవరు తీశారో కచ్చితంగా తెలిసిన మనిషి ఇంటిల్లిపాదిలో ఆమె ఒక్కతే. అటువంటి సాక్షిని పక్కనే కూచోబెట్టుకుని, గౌరవం తగ్గకుండా, విచారణలోకి రానీయకుండా చేయడం మరే భాషకూ సాధ్యం కాదు.

ఉత్తర్వులో ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరిగా చేర్చాలి. ఎంత ఇంగ్లీషు వచ్చినవాడికైనా నాలుక మీద కారం పడితే తెలుగు తన్నుకొస్తుంది; ఉగ్గాని, బజ్జీ తిన్న తరువాత “వి వర్ సో నాటీ” అనగలిగిన కడపవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. కాబట్టి తోబుట్టువులు దిగిన రోజు మొదలు, భాగపరిష్కార దస్తావేజు మీద అందరి సంతకాలూ పడి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఇంటికి తిరిగి వచ్చేదాకా పొద్దున పాలలో కార్న్‌ఫ్లేక్స్ మాత్రమే వడ్డించాలి. కారందోసె పెనం పొయ్యి మీదికి ఎక్కకూడదు.