డబ్బా అడుగున కాపురముండే చిన్నక్షరాల వారికి

మహారాజశ్రీ చిన్నక్షరాల వారి సముఖమునకు,

పసిపిల్లల వస్తువుల మీద వార్తలు రాసి పొట్టపోసుకునే ఒకానొక విలేకరి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం, నా కళ్ళు తప్ప. వాటికేమైందో తమరికి తెలియంది కాదు. పన్నెండేళ్ళుగా తమరి దర్శనం కోసం ఫోన్ టార్చి ఒక చేత్తో, భూతద్దం ఇంకో చేత్తో పట్టుకుని డబ్బాల అడుగున, కుషన్ల కింద, బెల్టుల వెనక వెతుక్కుంటూ తిరుగుతున్నాను. మొన్న కళ్ళజోడు నంబరు పెరిగితే డాక్టరు గారు "కంప్యూటర్ ఎక్కువ చూస్తారా?" అన్నారు. "లేదండీ, ఉయ్యాలల కిందకి దూరి చూస్తాను" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

మీ అన్నగారు పెద్దక్షరాల వారు కులాసాగా ఉన్నారు. డబ్బా ముందు వైపు బంగారు రంగులో వెలిగిపోతున్నారు. "రాత్రంతా హాయిగా నిద్ర", "శాస్త్రీయంగా నిరూపితం", "అమ్మ ఒడి అంత భద్రం". అరచేతిలో వైకుంఠం ఆయన చూపిస్తారు. వెనకవైపు బార్‌కోడ్ పక్కన, బూడిద రంగు మీద లేత బూడిద రంగులో కూర్చుని తమరు ఆ వైకుంఠానికి తాళం వేస్తారు. కురుక్షేత్రంలో ధర్మరాజు గొంతు తగ్గించి అన్న ఆ చివరి ముక్క ఉంది చూశారూ, తమరిది ఆ వంశం. అప్పుడది వినపడకుండా శంఖం ఊదారు. ఇప్పుడు ప్రకటనలో పియానో వాయిస్తున్నారు.

పోయిన నెల ఒక కంపెనీ నాకో ఉయ్యాల పంపింది. మోటారు, ఐదు స్పీడులు, వాన చప్పుడు, గుండె చప్పుడు, ఇంకా ఏదో సముద్రం. డబ్బా మీద బొమ్మలో పాప నిద్రపోతోంది. అంత హాయిగా నేను నిద్రపోయి ఎన్నేళ్ళయిందో. సీటు గుడ్డ విప్పి తిరగేస్తే, కుట్టు మడతలో గోరంత లేబుల్ మీద తమరు దర్శనమిచ్చారు: "ఇది నిద్ర కోసం ఉద్దేశించినది కాదు. బిడ్డ నిద్రపోతే వెంటనే తీసి చదునైన పక్క మీద పడుకోబెట్టండి."

కంపెనీ తరఫున మాట్లాడే అమ్మాయికి ఫోన్ చేశాను.

"డబ్బా మీద పాప నిద్రపోతోంది కదమ్మా?"

"లేదు మేడమ్, కళ్ళు మూసుకుంది, అంతే."

"మరి మోటారు, పాటలు ఎందుకు?"

"రిలాక్స్ అవడానికి మేడమ్."

"రిలాక్స్ అయ్యాక బిడ్డ ఏం చేస్తుంది?"

కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. "పేజీ 14 చూడండి మేడమ్."

పేజీ 14లో మళ్ళీ తమరే.

ఒక్క సంగతి అడగాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. తమరెప్పుడైనా పసిబిడ్డని చూశారా? రెండు గంటలు ఏడ్చి ఏడ్చి ఇప్పుడే నిద్రలోకి జారిన బిడ్డని ఎత్తి మంచం మీదకి మార్చడం అంటే మాటలా? ఆ ఇంట్లో ఆ క్షణాన ఫ్యాన్ కూడా ఊపిరి బిగపట్టుకుని తిరుగుతుంది. వస్తువు కొన్నది నిద్ర కోసం. నిద్ర పట్టగానే అందులోంచి తీసేయాలట. గొడుగు అమ్మి, వాన పడితే ముడవండి అన్నట్టుంది.

అలాగని తమరు అబద్ధం ఆడుతున్నారని కాదు. బాధంతా తమరు నిజం చెబుతున్నారనే. పసివాళ్ళకి తల బరువు, మెడ బలం తక్కువ. ఏటవాలుగా పడుకోబెడితే తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి తగిలి, ఊపిరి దారి ఇరుకవుతుంది. ఒక పక్కకి దొర్లితే ముఖం మెత్తటి గుడ్డలో కూరుకుపోవచ్చు. బిడ్డ అరవను కూడా అరవదు.

2019 గుర్తుందా? ఎందుకుండదు, అందులో ముఖ్య పాత్ర తమరిదే. ఫిషర్-ప్రైస్ వారి రాక్ ఎన్ ప్లే అనే ఏటవాలు పడక అప్పటికి పదేళ్ళుగా అమ్ముడవుతోంది. ఏప్రిల్ 5న అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ, కంపెనీ కలిసి ఒక హెచ్చరిక ఇచ్చాయి: బిడ్డకి మూడు నెలలు నిండినా, దొర్లడం మొదలైనా వాడకండి అని. అంటే పని తమరికి అప్పజెప్పారు. ఇంకో నాలుగు చిన్నక్షరాలు, సమస్య పరిష్కారం. వారం తిరక్కుండా, ఏప్రిల్ 12న, దాదాపు 47 లక్షల పడకలను వెనక్కి రమ్మన్నారు. అప్పటికి 30 మందికి పైగా పసివాళ్ళు పోయినట్టు లెక్క. 2023లో మళ్ళీ గుర్తుచేస్తూ వచ్చిన ప్రకటనలో ఆ లెక్క సుమారు 100. అందులో కనీసం 8 మరణాలు వెనక్కి రమ్మన్న తర్వాత జరిగినవి. ఆ మధ్యలో 2022లో అమెరికాలో చట్టమే వచ్చింది. ఏడాదిలోపు పిల్లల కోసం 10 డిగ్రీలకు మించి వాలుండే పడకలు అసలు అమ్మకూడదని. లేబులు పెద్దది చేయండి అనలేదు, గమనించారా?

వాకర్ల విషయంలో కెనడా వాళ్ళు ఇంకా ముందే తేల్చేశారు. "పెద్దల పర్యవేక్షణలో మాత్రమే వాడండి" అని తమరు ఎంత మొత్తుకున్నా, వాకర్‌లో ఉన్న బిడ్డ ఒక్క సెకనులో మూడడుగులకు పైగా దూసుకుపోతుంది. మెట్ల దాకా వెళ్ళడానికి పర్యవేక్షకులు "అయ్యో" అనేంత సమయం చాలు. 2004లో ఏకంగా నిషేధించారు. పాతది ఇంకొకరికి అమ్మినా నేరమే.

సబ్బులు, లోషన్ల దగ్గర తమరి జాడే ఉండదు. అక్కడ అన్నగారొక్కరే. "హైపో అలర్జెనిక్", అంటే అలర్జీ తెచ్చే అవకాశం తక్కువ అని, ఇంత పొడుగున ఉంటుంది. ఆ మాట వాడాలంటే పరీక్ష చేసి చూపించండని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1975లో ఒక నిబంధన తెచ్చింది. రెండు అలంకరణ సామగ్రి కంపెనీలు కోర్టుకెళ్ళాయి. 1977లో నిబంధన కొట్టేశారు. అప్పటినుంచి అక్కడ ఆ మాటకి, కంపెనీ ఏమనుకుంటే అదే అర్థం. మా ఆఫీసులో వారానికి నాలుగు ప్రెస్ నోట్లలో వస్తుంది. నేను "మెత్తటి" అని మార్చి పంపిస్తాను, వాళ్ళు ఫోన్ చేసి మళ్ళీ పెట్టించుకుంటారు.

పాలపొడి దగ్గర మాత్రం తమరికి ఒకసారి పట్టాభిషేకం జరిగింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సమావేశం, ఒక నియమావళి చేసింది. డబ్బా మీద శిశువు బొమ్మ వేయకూడదు, తల్లిపాలే శ్రేష్ఠమని స్పష్టంగా, సులువుగా చదవగలిగేలా రాయాలి అని. 118 దేశాలు సరేనన్నాయి, అమెరికా ఒక్కటి కాదంది. తమరిని పెద్దవాళ్ళని చేయాలని ప్రపంచమంతా కూర్చుని తీర్మానించిన సందర్భం నాకు ఇంకోటి తెలియదు. ఆ తర్వాత? శిశువు బొమ్మ వద్దన్నారు కదా అని ఎలుగుబంటి పిల్లని వేసిన డబ్బా నా అల్మారాలోనే ఉంది. చాలా ముద్దుగా ఉంటుంది.

నా టేబుల్ మీద ఒక చిన్న గొట్టం ఉంటుంది. వచ్చినవాళ్ళు పెన్నుల స్టాండు అనుకుంటారు. వెడల్పు 3.17 సెంటీమీటర్లు. అడుగు ఏటవాలుగా ఉంటుంది, లోతు ఒక వైపు 2.54, ఇంకో వైపు 5.71. మూడేళ్ళలోపు పిల్లల గొంతుకి కొలత అది. ఆటవస్తువులోని ఏ ముక్కైనా, నొక్కకుండా, అందులో పూర్తిగా ఇమిడిపోతే గొంతుకి అడ్డం పడే వస్తువు కింద లెక్క. మొన్నొక గుడ్డ ఏనుగు వచ్చింది. అన్నగారు డబ్బా మీద "పుట్టిన రోజు నుంచే నేస్తం" అన్నారు. కంటి గుండీ పట్టుకుని బొటనవేలితో కాస్త లాగాను. రెండో లాగుకే ఊడింది. గొట్టంలో వేస్తే టక్కుమని అడుక్కి పడింది. పెద్ద చప్పుడేం కాదు. ఏనుగు కాలి మడమ దగ్గర, కుట్టులో సగం లోపలికి పోయిన లేబుల్ మీద తమరు: "అలంకరణ కోసం మాత్రమే. ఆటవస్తువు కాదు."

ఆ ఏనుగు కళ్ళు రెండూ ఇప్పటికీ గొట్టంలోనే ఉన్నాయి. ఒక్కోసారి నావైపే చూస్తున్నట్టుంటాయి.

చూస్తాయి మరి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాల్సింది నేనూ ఉన్నాను. ఈమధ్య ఎడిటర్ గారు "బిడ్డ నిద్రకు 10 ఉత్తమ వస్తువులు" రాయమన్నారు. నిజాయితీగా కూర్చుని రాశాను. గట్టి పరుపు ఉన్న చదునైన పక్క, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి. దిండు వద్దు, బొమ్మలు వద్దు, చుట్టూ మెత్తల గోడ వద్దు, బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టండి. అయిపోయింది. ఎడిటర్ గారు చదివి "మిగతా తొమ్మిదీ?" అన్నారు. ఏమీ లేకపోవడమే ఆ తొమ్మిదీ అన్నాను. ఏమీ లేకపోవడానికి లింకు ఎక్కడ పెడతాం అన్నారు. వారి బాధ వారిది. పాఠకులు లింకు నొక్కి కొంటేనే మాకు కమిషన్, ఆ కమిషన్లోంచే నాకు జీతం, ఆ జీతంలోంచే కొత్త కళ్ళజోడు.

చివరికి పది పూర్తయ్యాయి. ఆరోది ఆ ఉయ్యాల. "మెలకువగా ఉన్నప్పుడు మాత్రమే" అని నేను కలిపిన మూడు మాటలు, వాక్యం పొడుగైందని బొమ్మ కిందకి దిగిపోయాయి. సైజు కూడా తగ్గింది. అప్పుడే తమరు మా ఇంటి గడప తొక్కారు.

ఆ కథనం అడుగున ఇంకో వరస ఉంటుంది, తమరి బంధువే: "ఈ లింకుల ద్వారా కొన్నవాటిపై మా సంస్థకు కొంత ఆదాయం రావచ్చు." నిన్న సాయంత్రం పేజీలు చూసే కుర్రాడు దాన్ని స్క్రీన్ మీద చూపించి, "మేడమ్, ఇది బాగా కనబడిపోతోంది, ఒక పాయింటు తగ్గించనా?" అని అడిగాడు.

నేనేమన్నానో పేజీ అడుగున ఉంటుంది. వెతికి చూసుకోండి, భూతద్దం మాత్రం మరచిపోవద్దు.

ఇట్లు,
తమ విధేయురాలు,
పసిపిల్లల వస్తువుల విలేకరి