పంజరాలు వేసినంత మాత్రాన తాబేళ్లు బతకవు

ఒడిశా గంజాం తీరంలోని గోపాల్‌పూర్ నుంచి ఇచ్ఛాపురం దాకా మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. నార్వే వాళ్ల పెద్ద ఇనుప పంజరం ఫొటో ఒకటి, కింద నాలుగు మాటలు. సముద్రం లోపల పంజరాలు వేసి చేపలు పెంచితే వేట దానంతట అదే తగ్గి, రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర గుడ్లు పెట్టే తాబేళ్లు బతుకుతాయట. లోతు నీళ్లలో పెంచితే కాలుష్యం అనేదే ఉండదట. దీన్ని అడ్డుకుంటున్నది సముద్ర పర్యావరణం చదివిన సైంటిస్టులేనట, వాళ్లకు తాబేలు కావాలి గానీ మనిషి అక్కర్లేదట. కాబట్టి మన పిల్లలు ఆ చదువు జోలికి పోవద్దు, పోయినా ఉద్యోగం రాదు అని ముగింపు.

ఇది పంపినవాళ్లలో నాకు బాగా కావలసినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు. ఒడ్డున చేప తగ్గి, డీజిల్ ఖర్చు కూడా రాక, అప్పుల టెన్షన్‌తో ఉన్న ఇళ్లకు ఏదో ఒక దారి దొరికితే చాలన్న ఆశ అది. కానీ చెప్పిన విషయాలు తప్పు. బరంపురంలో సముద్ర శాస్త్రం చదువుకుని, ఇప్పుడు ప్లస్ టూ పిల్లలకు జువాలజీ చెబుతున్నవాణ్ణి, ముఖ్యంగా ఆ చివరి మాట చదివాక ఊరుకోలేక రాస్తున్నాను.

పెంపకం పెరిగితే వేట తగ్గుతుందన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది. లెక్కలు మాత్రం అలా లేవు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రకారం 2022లో ప్రపంచమంతా పెంచిన చేపలు, రొయ్యలు, ఇతర జలచరాలు కలిపి 9.44 కోట్ల టన్నులు. వేటలో పట్టినవి 9.1 కోట్ల టన్నులు. పెంపకం వేటను దాటడం అదే మొదటిసారి. మరి పెంపకం ఇంతగా పెరిగిన ఈ మూడు దశాబ్దాల్లో వేట తగ్గిందా అంటే లేదు, 1980ల చివర ఎక్కడుందో కాస్త అటూ ఇటూగా అక్కడే ఉంది. స్టెఫానో లాంగో అనే పరిశోధకుడి బృందం 2019లో ఇదే ప్రశ్న మీద వివిధ దేశాల లెక్కలు చూసి, పెంపకం పెరిగినంత మాత్రాన వేట పెద్దగా తగ్గలేదనే తేల్చింది. మార్కెట్లో చేప ఎక్కువైతే తినేవాళ్లూ ఎక్కువవుతారు, అంతేగానీ ట్రాలర్ యజమాని తన బోటును ఒడ్డుకు లాగేసి కూర్చోడు.

మెసేజ్‌లో మేత ఊసే లేదు, అసలు కథంతా అక్కడే ఉంది. పంజరంలో డబ్బు తెచ్చేవి పండుగప్ప, కోబియా లాంటివి. ఇవి చెరువులో పెంచే బొచ్చె, రోహూల్లాంటివి కావు, చేపను తిని బతికే చేపలు. పచ్చి చేప ముక్కలు వేసి పెంచితే కిలో పండుగప్పకు నాలుగైదు కిలోలు, ఒక్కోసారి అంతకు మించి వేయాల్సి వస్తుంది. పెల్లెట్ (గుళికల) మేతతో ఆ లెక్క బాగా తగ్గుతుంది, నిజమే, కానీ అందులోనూ చేపపొడి, చేపనూనె ఉంటాయి. అవన్నీ ఎక్కణ్ణుంచి వస్తాయి? మన కవ్వళ్లు, నెత్తళ్ల నుంచే. ఒడ్డున ఇసుక మీద నెత్తళ్లు ఎండబెట్టి, గంపల్లో పెట్టుకుని సంతలకు తీసుకెళ్లి అమ్ముకునే ఆడవాళ్ల బతుకు ఆ చేప మీదే నడుస్తోంది, కిలో వంజరం కొనలేని ఇళ్లలో కూరా అదే. దాన్ని పంజరంలోకి మళ్లిస్తే పెద్ద హోటల్‌కు పండుగప్ప వెళ్తుంది, మన ఇంట్లో ఎండుచేప ధర పెరుగుతుంది. మేత అక్కర్లేనివీ ఉన్నాయి. ఆకుపచ్చ ఆల్చిప్పలు, సముద్రపు నాచు నీళ్లలో ఉన్నదాంతోనే పెరుగుతాయి. మెసేజ్ రాసినవాళ్లు వాటి పేరు కూడా ఎత్తలేదు.

ఇక తాబేళ్లు. 2025 ఫిబ్రవరిలో రుషికుల్య మొగ దగ్గర గుడ్లు పెట్టిన ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్ల లెక్క దాదాపు 7 లక్షలకు చేరింది. శాస్త్రవేత్తలు ఈ చోటును గుర్తించింది 1994లోనే, మన ఊళ్లవాళ్లకు మాత్రం ముందు నుంచీ తెలుసు. తాబేలుకు చేపలా మొప్పలుండవు, ఊపిరితిత్తులే ఉంటాయి, గాలి కోసం పైకి రావాలి. గంటల తరబడి లాగే ట్రాల్ వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతుంది, ఒడ్డుకు కొట్టుకొచ్చే కళేబరాల్లో చాలా వాటికి కారణం అదే. అందుకే ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, రుషికుల్య మొగల దగ్గర 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. వాటిని కాపాడాలంటే ఆ హద్దు లోపలికి ట్రాలర్లు రాకుండా చూడాలి, వలలకు తాబేలు తప్పించుకునే ద్వారం పెట్టించాలి, నిషేధం నెలల్లో చిన్న బోట్లవాళ్లకు సరైన పరిహారం ఇవ్వాలి. పంజరం ఈ మూడింట్లో ఒక్క పనీ చేయదు.

ఇంకా గట్టి చిక్కు ఒకటుంది. గంజాం తీరంలో పంజరం నిలవాలంటే సముద్రం నిమ్మళంగా ఉండే నెలలు కావాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి అలలు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర గంటకు 200 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటింది. 2019లో ఫొని అయితే మే నెలలోనే పూరీని కొట్టింది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా, సరిగ్గా తాబేళ్లు ఒడ్డుకు దగ్గరగా గుంపులు కట్టే కాలం. అదే నీళ్లలో లంగరు తాళ్లు, వలలు, మేత తెచ్చే బోట్లు, రాత్రి కాపలా లైట్లు పెడితే తాబేళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. గుడ్లలోంచి బయటపడ్డ పిల్లలు వెలుగును బట్టి సముద్రం వైపు నడుస్తాయి కాబట్టి లైటు కూడా చిన్న విషయం కాదు. ఇలా అన్నానని గంజాంలో పంజరమే వద్దని కాదు. ఏ మొగకు ఎంత దూరంలో, ఏ నెలలో, ఏ చేపతో అన్నది ముందు తేలాలి, ఆ తేల్చే పనే సముద్ర ఎకాలజిస్టుది, అంటే మెసేజ్ తిట్టిన ఆ సముద్ర పర్యావరణం చదివినవాళ్లది.

లోతులో కాలుష్యం ఉండదన్న రెండో మాటలో సగం నిజం ఉంది. లోతు, ప్రవాహం బాగా ఉంటే మిగిలిన మేత, చేపల రెట్ట ఒకచోట పేరుకోకుండా చెదిరిపోతాయి. ఒడ్డున ఇరుకు నీళ్లలో కంటే అది మేలే. కానీ "చెదిరిపోయింది" అని ఎవరు చూసి చెప్పాలి? ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. పంజరం కింద నుంచి, దానికి కాస్త దూరం నుంచి, ఏ పంజరమూ లేని చోటు నుంచి ఇనుప దోసిలి లాంటి పరికరాన్ని తాడుతో దించి అడుగు మట్టి తీస్తారు. బురద నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన కొడితే అక్కడ ఆక్సిజన్ అయిపోయిందన్నమాట. ఆ మట్టిని సన్నటి జల్లెడలో కడిగి, మిగిలిన పురుగులను, బుల్లి గుల్లలను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. మామూలు అడుగులో రకరకాల జీవులుంటాయి. మేత పేరుకున్న చోట అవన్నీ పోయి, మురికిని తట్టుకునే కాపిటెల్లా లాంటి ఎర్రటి సన్న పురుగులే వేలకు వేలు కనిపిస్తాయి. రోజంతా వంగి కూర్చుని చేసే ఈ పని లేకుండా "కాలుష్యం లేదు" అనడం గాలి కబురే.

పంజరాలు తెగడం ఇంకో సమస్య. 2017 ఆగస్టులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పంజరాల క్షేత్రం కూలి, అక్కడి నీళ్లకు సంబంధం లేని అట్లాంటిక్ సాల్మన్ చేపలు రెండు లక్షలకు పైగా బయటపడ్డాయి. తుపాను వచ్చి కాదు. వలలు శుభ్రం చేయక ఆల్చిప్పలు, నాచు టన్నుల కొద్దీ పేరుకుని, ప్రవాహం తాకిడికి మొత్తం ఒరిగిపోయిందని రాష్ట్రం దర్యాప్తులో తేలింది. మరుసటి ఏడాదే అక్కడ బయటి జాతి చేపల పంజరాలను ఆపేసే చట్టం తెచ్చారు. మన నీళ్లు వాళ్ల నీళ్లకంటే వెచ్చన, వలకు గుల్లలు ఇంకా తొందరగా పడతాయి. ఫొటోలో ఉన్న ఆ నార్వే కట్టడం 110 మీటర్ల వెడల్పున్న ఉక్కు నిర్మాణం, 2017లో పెట్టింది. మన దగ్గర మామూలుగా వేసేది ఆరు మీటర్ల ప్లాస్టిక్ పైపు రింగు. దాన్ని చూపించి దీన్ని అమ్మకూడదు.

సైంటిస్టులే అడ్డం పడుతున్నారన్నది పచ్చి అబద్ధం, ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. మన దేశంలో తొలి సముద్ర పంజరాన్ని 2007లో విశాఖపట్నం దగ్గర వేసింది ఎవరు? కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, అందులో పెంచింది పండుగప్ప. తర్వాత కోబియా పిల్లలను తమిళనాడులోని మండపం అనే ఊళ్లో పుట్టించిందీ వాళ్లే. ప్రపంచంలో ఇప్పుడు వేటలో పట్టేంత చేపను సముద్రం విస్తీర్ణంలో 0.015 శాతం కంటే తక్కువ చోటులోనే పెంచవచ్చని 2017లో లెక్క కట్టింది రెబెకా జెంట్రీ, హ్యాలీ ఫ్రోలిక్, బెన్ హాల్పెర్న్ తదితరులు, ఈ ముగ్గురూ పర్యావరణం చదివినవాళ్లే. పెంపకానికి వ్యతిరేకులైతే ఆ లెక్క ఎందుకు కడతారు? చోటు తక్కువే చాలు కాబట్టి తాబేళ్ల దారినీ, పగడపు దిబ్బలనూ, చిన్న బోట్ల వేట నీళ్లనూ వదిలేసి మంచి చోటు ఎంచుకోవచ్చన్నదే దాని సారం. పెంపకంతోనే సంరక్షణ చేసినవాళ్లూ ఉన్నారు. కాలిఫోర్నియాలో దాదాపు అంతరించిపోయిన తెల్ల అబలోన్ గుల్లలను ప్రయోగశాలలో పెంచి 2019లో తిరిగి సముద్రంలో వదిలారు. అంతదూరం ఎందుకు, మన చిలికా సరస్సు చూడండి. మొగ పూడుకుపోయి చేప తగ్గిపోతే, ప్రవాహాలు లెక్కగట్టి 2000 సెప్టెంబరులో కొత్త మొగ తెరిచారు, ఆ తర్వాత చేప మళ్లీ పెరిగింది. మనిషి అక్కర్లేనివాళ్లు చేసిన పనా అది?

ఇక ఉద్యోగాల మాట. ఉన్నదున్నట్టు చెబుతాను, ఈ చదువుకు రైల్వేలో ఉన్నన్ని పోస్టులు లేవు. మొదట్లో ప్రాజెక్టు ఫెలోగా రెండేళ్లు, మూడేళ్లు కాంట్రాక్టు మీద పనిచేయాల్సి వస్తుంది, ఇంట్లోవాళ్లకు ఓపిక ఉండాలి. కానీ "రాదు" అన్నది తప్పు. బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్ర విభాగం ఉంది. జూలాజికల్ సర్వే వాళ్ల నదీముఖ జీవశాస్త్ర కేంద్రం మన గోపాల్‌పూర్‌లోనే ఉంది. విశాఖలో మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం, సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రం ఉన్నాయి, చెన్నైలో సముద్ర సాంకేతిక సంస్థ, చేపలెక్కడ దొరుకుతాయో బోట్లవాళ్లకు చెప్పే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లో. 2023లో తీర ఆక్వాకల్చర్ చట్టాన్ని సవరించి పంజరాల పెంపకాన్నీ, నాచు పెంపకాన్నీ అందులోకి తెచ్చారు కాబట్టి రేపు ఇక్కడ పంజరాలు వస్తే నీళ్లూ మట్టీ పరీక్షించే మనుషులు కావాలి. ఆ మనుషులు ఎక్కడి నుంచో రావడం కంటే, ఏ నెలలో నీరు ఎటు లాగుతుందో తండ్రి నోట విని పెరిగిన మన పిల్లలు కావడం నయం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బోటు మీద రెండూ మాట్లాడే పిల్లకు మత్స్యకారుల దగ్గర కూర్చుని సమాచారం రాసుకోవడం ఎంత సులువో ఆలోచించండి, బయటి నుంచి వచ్చిన పరిశోధకులకు అది నెలల పని.

మీ ఇంట్లో ప్లస్ టూ సైన్స్ పిల్లలుంటే ఈ మెసేజ్ చూపించి భయపెట్టకండి. డిగ్రీలో జువాలజీ గానీ మత్స్యశాస్త్రం గానీ తీసుకోమనండి, లెక్కలు మాత్రం వదలొద్దని చెప్పండి. పురుగులు లెక్కపెట్టడం అయ్యాక మిగిలిన పనంతా గణాంకాలే.